నొప్పి దాచుకునే తరానికి: విదేశ ప్రయాణ బీమా మీద కొన్ని అనుభవ పాఠాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెయిన్ రోడ్డు పొడవునా మూడు రకాల బోర్డులు: కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో, కొత్తపేటలో, వనస్థలిపురంలో ఇళ్లు కట్టుకున్న మా తరం పిల్లల్ని ఆ బోర్డుల కిందికే పంపింది. వాళ్లు డాలస్‌కి, న్యూజెర్సీకి, అట్లాంటాకి పోయారు. ఇప్పుడు కోడలి కాన్పుకనీ, మనవడి పుట్టువెంట్రుకలకనీ, ఊరికే చూసొద్దామనీ మేం పోతున్నాం. వాళ్లు పోయినప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు. మేం బీపీతో, షుగరుతో, కొందరం గుండెలో స్టెంటుతో విమానం ఎక్కుతున్నాం.

రిటైరయ్యాక మా కాలనీ వాళ్ల వీసా ఫారాలు నింపడం, పాలసీ కాగితాలు చదివిపెట్టడం నా నెత్తిన పడింది. ఆ కాగితాల్లోంచీ, పోయొచ్చినవాళ్ల నోటినుంచీ, నేను అమెరికాలో ఉన్నప్పుడు కళ్లారా చూసినదాంట్లోంచీ తేలిన సంగతులివి. గుర్తొచ్చిన వరసలోనే రాస్తున్నాను.

1. వీసావాళ్లు అడగలేదు కదా అని వదిలేయొద్దు

యూరప్ టూరుకి పోయేవాళ్లు బీమా మర్చిపోతారన్న బెంగ లేదు. షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. 2004 నుంచీ ఉన్న నిబంధన అది. టూరు ఆపరేటరే ప్యాకేజీలో కలిపేస్తాడు. అమెరికా టూరిస్టు వీసాకి అలాంటి షరతు లేదు. అందుకే పారిస్, స్విట్జర్లాండ్ పది రోజులు తిరిగొచ్చే దంపతుల దగ్గర పాలసీ ఉంటుంది, అదే దంపతులు కొడుకు దగ్గరికి ఆర్నెల్లు పోతే ఉండదు. వైద్యం ఎక్కడ ఎక్కువ ఖరీదో తెలిసినవాళ్లకి ఇదెంత తలకిందుల వ్యవహారమో అర్థమవుతుంది.

అమెరికా కాన్సులేటు బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్నప్పుడూ, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారాకా, మా కాలనీ వాళ్లు కిటికీ దగ్గర చెప్పాల్సిన జవాబులు బట్టీపట్టి పోతూనే ఉన్నారు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వీసా వచ్చాక నూట ఎనిమిది తిరిగొస్తారు. అంత ఓపిక ఉన్నవాళ్లు పాలసీ కాగితం నాలుగు పేజీలు తిరగేయడానికి మాత్రం కళ్లజోడు కనపడట్లేదంటారు.

2. అక్కడి ఆస్పత్రి వెనక్కి పంపదు, బిల్లు వెనకాల వస్తుంది

డబ్బు కట్టకపోతే అమెరికాలో ముట్టుకోరట కదా అని చాలామంది అడుగుతారు. ఎమర్జెన్సీలో అలా కుదరదు. 1986లో అక్కడొక చట్టం వచ్చింది, ఎంటాలా అంటారు. ఎమర్జెన్సీ విభాగానికి వచ్చిన మనిషి ఏ దేశంవాడైనా, జేబులో ఎంతున్నా, ముందు పరీక్ష చేసి ప్రాణాపాయం నుంచి గట్టెక్కించాలి. మన కార్పొరేట్ ఆస్పత్రిలో కౌంటర్ దగ్గర అడ్వాన్సు కడితేగాని ఫైలు కదలదు. అక్కడ పేరు, పుట్టిన తేదీ, అడ్రసు రాసుకుని, ఇన్సూరెన్సు కార్డుంటే దాని కాపీ తీసుకుని లోపలికి తీసుకుపోతారు.

అసలు కథ కొన్ని వారాలకి పోస్టు డబ్బాలో మొదలవుతుంది. ఆస్పత్రి నుంచి ఒక కవరు. ఎమర్జెన్సీలో చూసిన డాక్టరు నుంచి వేరే కవరు. స్కాన్ చదివిన రేడియాలజిస్టు నుంచి ఇంకొకటి, ఆయన మొహం మనం చూసి కూడా ఉండం. ల్యాబుది విడిగా, అంబులెన్సుది విడిగా. అన్నీ ఒకే రాత్రివి. అన్నిట్లోనూ ఒకే పేరు, తలో ఫోన్ నంబరు, తలో గడువు తేదీ. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి కారు తాళం కూడా పక్కన పెట్టకుండా ఆ కవర్లు చింపుతుంటే, సోఫాలో కూర్చున్న తండ్రి టీవీ వైపు తిరిగి చూడనట్టు నటిస్తాడు.

అంబులెన్సు సంగతి విడిగా చెప్పాలి. మనకి 2005 నుంచీ 108 అలవాటు. ఫోన్ చేస్తే బండి వస్తుంది, ఎవరూ డబ్బులడగరు. అక్కడ 911కి ఫోన్ చేయడం ఉచితమే, బండి ఎక్కితే మాత్రం మామూలుగా బిల్లు వస్తుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ లెక్క చూడకుండా చేయాల్సిందే. అయితే ఆ ఖర్చు పాలసీలో ఉందో లేదో విమానం ఎక్కకముందే చూసుకోవాలి.

3. మన జబ్బుల్లో పెద్దది, దాచుకోవడం

నా మట్టుకు నాకు బీమా కావాలనడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. ఆస్పత్రి మనల్ని ఆపదు, మనల్ని మనమే ఆపుకుంటాం.

కొత్తపేటలో ఒక వదినగారు కూతురి దగ్గరికి పోయినప్పుడు రాత్రి రెండింటికి ఛాతీలో బరువు మొదలైంది. లేచి కూర్చుంది. అల్లుడికి పొద్దున మీటింగుంది, పసిబిడ్డ ఇప్పుడే పడుకుంది. పైగా పాలసీ లేదని తనకి తెలుసు. వంటింట్లోకి పోయి చప్పుడు కాకుండా వాము నమిలి వేడినీళ్లు తాగింది. పొద్దున కూతురు మొహం చూసి అడిగితే "ఏం లేదు బిడ్డా, గ్యాసు పట్టింది" అన్నది. రెండో రోజు చెమటలు పట్టి సోఫాలోనే ఒరిగిపోయాక తీసుకుపోయారు. గుండెపోటే. దేవుడి దయవల్ల బతికింది, కానీ ఆ రెండు రోజుల్లో గుండె కండరం కొంత పాడైపోయింది. తిరిగొచ్చాక నేను కోప్పడితే ఆమె అన్నమాట: "అన్నా, అల్లుడి అప్పు నేను పెంచుతనా?"

మా తరం ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ ఇంతే. డాలరుని ఎనభై అయిదుతోనో తొంభైతోనో గుణించుకుంటూ కూర్చుంటారు. పాలసీ ఉంటే ఆ గుణకారం ఆగుతుంది, అర్ధరాత్రి పిల్లల గది తలుపు తట్టడానికి చెయ్యి లేస్తుంది. గుండెపోటులో, పక్షవాతంలో మొదటి గంటల విలువ ఎంతో ఏ డాక్టరునడిగినా చెప్తాడు. అందుకే నేను పాలసీ కొనమని పిల్లలకి చెప్పి ఊరుకోను. కొన్నాక అమ్మానాన్నలని కూర్చోబెట్టి చూపించమంటాను. పాలసీ ఉన్న సంగతి తెలియని తల్లి, పాలసీ లేని తల్లిలాగే వాము నములుతుంది.

4. పాత జబ్బు దగ్గరే పేచీలన్నీ

ఫారంలో షుగరు, బీపీ రాయాలా వద్దా అని గుసగుసగా అడుగుతారు. రాయండి. స్టెంటు ఉంటే ఏ సంవత్సరం వేశారో కూడా రాయండి. దాచి కొన్న పాలసీ ప్రీమియం కట్టినంతసేపే మనది, క్లెయిమ్ పెట్టిన రోజున కాదు. అక్కడి డాక్టరు మొట్టమొదట అడిగేదే "ఏ మందులు వాడుతున్నారు" అని. మన నోటితో మనమే చెప్తాం, ఆయన రాసుకుంటాడు, ఆ కాగితమే కంపెనీకి పోతుంది.

చాలా పాలసీలు ముందునుంచీ ఉన్న జబ్బుని కవర్ చేయవు. ఇండియాలో అమ్మేవాటిలో కొన్ని, ప్రాణాపాయం తప్పించే వైద్యం వరకు ఒప్పుకుంటాయి. అమెరికాలో అమ్మే విజిటర్ పాలసీల్లో "అక్యూట్ ఆన్‌సెట్" అనే క్లాజు కనబడుతుంది. పాత జబ్బే, ఉన్నట్టుండి, ముందస్తు సూచన లేకుండా తిరగబెడితే కొంత పరిమితి దాకా ఇస్తారు. ఆ క్లాజు కింద చిన్న అక్షరాల్లో తరచుగా ఇంకో షరతుంటుంది: లక్షణం మొదలైన 24 గంటల్లోపు వైద్యం చేయించుకుని ఉండాలి. పైన చెప్పిన వదినగారికి అలాంటి పాలసీ ఉండి ఉన్నా, రెండు రోజులు గ్యాసని చెప్పుకున్నందుకు అది పనిచేసేది కాదు. వయసు గీత కూడా ఉంటుంది. 70 దాటాక కొన్నిట్లో ఈ క్లాజే ఉండదు, 80 దాటితే మొత్తం కవరేజీయే బాగా తగ్గిపోతుంది.

రెగ్యులర్ చెకప్పులు, కంటి ఆపరేషన్, మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ లాంటివి ఈ పాలసీల్లో రావు. అక్కడికి పోయి తీరిగ్గా చూపించుకుందామనే ఆశ పెట్టుకోవద్దు. పళ్లూ అంతే, పోకముందే ఇక్కడే పీకించుకోండి, కట్టించుకోండి.

5. లక్ష డాలర్లని రాసినంత మాత్రాన లక్ష డాలర్లు కాదు

పిల్లలు ఇంటర్నెట్‌లో చవకగా ఉన్నది చూసి కొనేస్తారు. అమెరికా పాలసీల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఫిక్స్‌డ్ బెనిఫిట్, రెండోది కాంప్రహెన్సివ్. పైకి రెండిటిమీదా ఒకే లక్ష డాలర్లు రాసి ఉంటుంది.

లెక్క కోసం ఒక బిల్లు అనుకుందాం. ఫిక్స్‌డ్ పాలసీ ఆస్పత్రి పడకకి రోజుకి 1,500 డాలర్లిస్తానంటుంది. ఆస్పత్రి రోజుకి 6,000 వేసింది. మిగతా 4,500 మనవే, రోజూ. సర్జనుకింత, స్కానుకింత అని అన్నిటికీ ఇలాగే గీతలుంటాయి. కాంప్రహెన్సివ్ పాలసీలో ముందు డిడక్టబుల్, అంటే మొదట మనం కట్టుకోవాల్సిన వాటా, 250 డాలర్లు అనుకోండి. ఆ తర్వాతి 5,000లో అయిదో వంతు మనది, 1,000. ఆపైన పాలసీ పరిమితి దాకా కంపెనీదే. మొత్తం 20,000 బిల్లయితే మన చేతినుంచి పోయేది 1,250. ఫిక్స్‌డ్‌లో ఎంత పోతుందో ముందే చెప్పగలిగిన మొనగాడు లేడు. అందుకే అరవై దాటినవాళ్లకి ఫిక్స్‌డ్ వద్దనే చెప్తాను, ప్రీమియం ఎంత తక్కువైనా.

మన దేశంలో కొనే పాలసీల్లోనూ అరవై దాటినవాళ్లకి సబ్ లిమిట్లు, అంటే ఇలాంటి గీతలే, పెట్టేవి చాలా ఉన్నాయి. ఏజెంటుని "సబ్ లిమిట్ లేనిది ఏదయ్యా" అని సూటిగా అడగండి. తల గోక్కుంటే ఆ పేజీ ఆయన కూడా చదవలేదన్నమాట.

6. ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా

ఇది ఎన్నేళ్లయినా తెగని పంచాయితీ. ఇక్కడి పాలసీ రూపాయల్లో వస్తుంది, బయల్దేరకముందే కొనాలి. గొడవ వస్తే నిలదీయడానికి కంపెనీ మన ఊళ్లోనే ఉంటుంది. అమెరికా పాలసీకి అక్కడి ఆస్పత్రులతో నెట్‌వర్క్ ఉంటుంది, బిల్లింగ్ ఆఫీసువాళ్లు కార్డు గుర్తుపడతారు, చాలాసార్లు బిల్లు నేరుగా కంపెనీకే పంపుతారు. దిగాక కూడా కొనొచ్చు, కానీ కొనకముందు మొదలైన జబ్బుకి రాదు. దిగాక చూద్దాం అనేవాళ్లు విమానంలో పద్దెనిమిది, ఇరవై గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదముందన్న సంగతి మర్చిపోతారు.

పెద్ద వయసు, బీపీ, షుగరు ఉన్నవాళ్లకి అమెరికా కాంప్రహెన్సివ్ వైపే నా మొగ్గు. ఇక్కడి పాలసీయే తీసుకుంటే, వాళ్ల తరఫున విదేశాల్లో సాయం చేసే కంపెనీ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఆస్పత్రిలో చేరగానే ఆ నంబరుకి చెప్పాలి. చెప్పకుండా చేరి, డిశ్చార్జయ్యాక కాగితాలు పంపితే పేచీ పెడతారు. తేదీలు కూడా చూసుకోండి. అక్కడ ఆర్నెల్లుండే వీలుంటే నాలుగు నెలలకే కొని, ఆఖర్న మనవరాలి పుట్టినరోజని ఆగిపోయేవాళ్లున్నారు. పొడిగింపు పాలసీ ముగియకముందే అడగాలి.

7. మందుల చీటీ

మనం మందుని కంపెనీ పేరుతో పిలుస్తాం. ఎకోస్ప్రిన్, డోలో, థైరోనార్మ్ అంటే అక్కడి డాక్టరుకి తెలియవు. యాస్పిరిన్, లీవోథైరాక్సిన్ అని మందు అసలు పేరు, మోతాదు, ఏ పూట వేసుకుంటారో ఒక కాగితం మీద రాయించుకుని, డాక్టరు సంతకంతో పాస్‌పోర్టులో పెట్టుకోండి. డోలోలోని పారాసిటమాల్‌ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. ఇది తెలియక రెండూ వేరనుకుని రెండూ మింగితే కాలేయానికి ముప్పు. ఆర్నెల్లకి సరిపడా మందులు చేతిసంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో ఆవకాయ పక్కన కాదు.

జ్వరం, దగ్గు, మూత్రంలో మంట లాంటివాటికి అర్జెంట్ కేర్ అని చిన్న క్లినిక్కులుంటాయి. అక్కడికి పోవాల్సినదానికి ఎమర్జెన్సీకి పోతే బిల్లు ఎన్నోరెట్లు. కొన్ని పాలసీలు అలాంటప్పుడు అదనపు డిడక్టబుల్ కూడా వేస్తాయి.

8. పిల్లలనీ ఒకమాట అడగండి

చదువుకునేటప్పుడు యూనివర్సిటీ ప్లాను ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చాక అది ముగుస్తుంది, ఉద్యోగం దొరికి ఆఫీసు బీమా మొదలయ్యేదాకా మధ్యలో ఖాళీ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి చదివి పోయిన కుర్రాడు సరిగ్గా ఆ ఖాళీలోనే రోడ్డు ప్రమాదంలో చిక్కుకుంటే, స్నేహితులు గోఫండ్‌మీలో జోలె పట్టాలి. మనవాళ్లు ఇస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. అమెరికా తెలుగు సంఘం తానా వాళ్ల టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు అర్ధరాత్రి కూడా ఫోనెత్తుతాయి. అయినా పాలసీ సంగతి పిల్లవాడికి ఫోన్ చేసి ముందే ఒకమాట అడగడం నయం.

గ్రీన్‌కార్డు మీద పోయిన తల్లిదండ్రులకి అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ వెంటనే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. 65 నిండటమే కాదు, అయిదేళ్లు వరసగా అక్కడ నివాసముండాలి.

9. గల్ఫ్ పోయేవాళ్ల మాట

అమెరికా కబుర్లే చెప్తే సగం తెలంగాణకి అన్యాయం చేసినట్టు. ఈసీఆర్ ముద్ర, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరన్న ముద్ర, ఉన్న పాస్‌పోర్టుతో దుబాయ్‌కి, సౌదీకి, ఖతర్‌కి కూలికి పోయేవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003 నుంచి ఉంది. 2017 నాటి సవరణ తర్వాత ప్రీమియం రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375. ఒక బిర్యానీ పార్సిలు ఖరీదు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు. వైద్యానికిచ్చేది తక్కువ. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరేవాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్సు దారిలో పోరు, కాబట్టి వాళ్లకిది కూడా ఉండదు. ఏజెంటు విజిట్ వీసా అనగానే ఈ సంగతి అడగాలి.

2020లో జగిత్యాల జిల్లా కార్మికుడొకరు కోవిడ్‌తో దుబాయ్ హాస్పిటల్‌లో చేరి ఎనభై రోజులున్నారు. బిల్లు 7,62,555 దిర్హామ్‌లు, మన డబ్బులో కోటీ యాభై రెండు లక్షలు. కార్మిక సంఘంవాళ్లు, భారత కాన్సులేటు వాళ్లు మాట్లాడితే ఆస్పత్రి మొత్తం మాఫీ చేసి పంపింది. ఆ దయకి దణ్ణం పెట్టాలి. కానీ పత్రికలకెక్కిందంటేనే అది రోజూ జరిగేది కాదని అర్థం.

10. ముక్తినాథ్ కూడా విదేశమే

ఎల్బీ నగర్ నుంచి బస్సు కట్టించుకుని నేపాల్ పోయే భక్త బృందాలకి ఇది విదేశమన్న ధ్యాసే ఉండదు, పాస్‌పోర్టు అడగరు కాబట్టి. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది, టిబెట్ వైపు కైలాస పరిక్రమలో డోల్మా కనుమ 5,600 మీటర్ల పైన. చాలా పాలసీల్లో ఎత్తుకి పరిమితి ఉంటుంది. హెలికాప్టర్లో దించే ఖర్చు వస్తుందా రాదా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

11. చావు మాట ఎత్తడం అశుభం కాదు

పాలసీలో "రిపాట్రియేషన్" అని ఒక వరస ఉంటుంది, భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, కాన్సులేట్ అనుమతి, పాస్‌పోర్టు రద్దు, విమానంలో కార్గో, ఇవన్నీ అయితేగాని శంషాబాద్ చేరదు. దిక్కులేని సందర్భాల్లో రాయబార కార్యాలయాల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంటుంది, 2009లో పెట్టారు. అక్కడే దహనం చేసి అస్థికలు తెచ్చుకోవడం మీకు సమ్మతమో కాదో పోకముందే పిల్లలతో ఒకమాట అనేయండి. ఆ రోజు వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నిలబడే పరిస్థితి రాకూడదు.

12. బిల్లు వచ్చాక

మొదటి కవరు చూడగానే క్రెడిట్ కార్డు తీయొద్దని పిల్లలకి చెప్పండి. ముందు ఐటమైజ్డ్ బిల్లు, అంటే దేనికెంతో విడివిడిగా రాసింది, అడగాలి. చేయని పరీక్షలు, రెండుసార్లు పడ్డ పద్దులు అందులో బయటపడతాయి. పాలసీ చెల్లించాక కూడా పెద్ద మొత్తం మిగిలితే, లాభాపేక్ష లేని ఆస్పత్రులకి అక్కడ 2010లో వచ్చిన చట్టం ప్రకారం రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. అందరికీ వర్తించకపోవచ్చు, అయినా దరఖాస్తు పెట్టాలి. బేరమాడటం మనవాళ్లకి చెప్పాల్సిన పనిలేదు, సంకోచమల్లా ఆస్పత్రిలో ఆడొచ్చా అనే. ఆడొచ్చు.

ఇక్కడి కంపెనీ క్లెయిమ్ కొట్టేస్తే ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు పోవాలి. యాభై లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. అమెరికా కంపెనీ పాలసీల జోలికి వాళ్లు రారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆఫీసు ఏసీ గార్డ్స్‌లో, లక్డీకాపూల్ దగ్గర. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే ఒకే లైను, అమీర్‌పేట దాకా పోయి మారే పని కూడా లేదు.